గ్రామోన్నత పాఠశాల విద్య పోటీ కళాశాలలకు చాలునా?



వేసవిలో పదవ తరగతి ఫలితములు వెలువడిన దినమున ప్రతి గ్రామమునను ఒక బిడ్డ పేరు రచ్చబండ కడ వినవచ్చును. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ప్రథమస్థానము పొందిన బిడ్డ యది. తండ్రి ఆనాడు సంతసించును గాని మరునాటినుండి ఆయనకు నిద్ర పట్టదు. పట్టణ కళాశాలల వారు ఇంటికి వచ్చి, "మీ బిడ్డ ఇంజనీరో వైద్యుడో కావలెనన్న ఇప్పుడే మా యొద్ద చేర్పింపుడు, పల్లె చదువు చాలదు" అందురు. రుసుము ఎంతయో విన్నపిమ్మట ఆయన చూపు పొలముమీదికి పోవును. పంటకని తీసికొన్న అప్పు చదువునకు వెచ్చమగుటయు, చదువునకై భూమి తాకట్టు పడుటయు మన సభ్యు లెరుగనివి కావు.

కావున ఈ ప్రశ్న కేవలము ఉపాధ్యాయులు తర్కించుకొనవలసినది కాదు. రైతు కుటుంబపు జమాఖర్చులకు సంబంధించినది. సర్కారు ఉన్నత పాఠశాలలో మొదటివాడుగా నిలిచిన బిడ్డ, వేలమందిలో కొందరినే ఏరి చేర్చుకొను కళాశాలలలో ప్రవేశించుటకును, ప్రవేశించి నిలుచుటకును ఆ పాఠశాల చదువు చాలునా? చాలనిచో లోపమెక్కడ? ఆ లోపము తీర్చుటకు భూమి తాకట్టు పెట్టుట తప్ప వేరు మార్గము లేదా?

పాఠశాల ఏమి యిచ్చుచున్నది?

ముందుగా పాఠశాలకు న్యాయము చేయుదము. ఊరి పిల్లలందరికిని చదువు చెప్పుట జిల్లా పరిషత్తు పాఠశాల పని. ఏరి కోరి కొందరికి చెప్పుట కాదు. ఒకే తరగతిలో కూడికలు తడబడువాడును, బీజగణితము ఆటవలె చేయువాడును ఒకే బల్లమీద కూర్చుందురు. ఉపాధ్యాయుడు వెనుకబడిన వారిని గట్టెక్కించుటకే తన శక్తిని వెచ్చించును. అది ఆయన ధర్మమే. అయితే చురుకైన బిడ్డను, "వీడు ఎట్లైనను నెగ్గును" అని విడిచిపెట్టుట అందువలన సంభవించును. నీరు చాలని కాలమున వాడిపోవు మడికి ముందు నీరు పెట్టుదుము. పచ్చగా నున్న మడిని చూడము.

ఈ పాఠశాలల ఉపాధ్యాయులు పట్టభద్రులై, బోధనా శిక్షణ పొంది, పోటీపరీక్షలో నెగ్గి వచ్చినవారు. పాఠ్యపుస్తకమును శ్రద్ధగా చదివిన బిడ్డకు గణిత విజ్ఞానశాస్త్రముల పునాది ఇచ్చటనే దొరకును. మన దేశమున పేరుపొందినవారు పెక్కురు ఇట్టి పాఠశాలలలోనే అక్షరములు నేర్చిరి. కావున "పల్లె బడిలో ఏమియు లేదు" అనుమాట అసత్యము.

పోటీపరీక్ష ఏమి కోరుచున్నది?

పదవ తరగతి పరీక్ష 600 మార్కులకు జరుగును. చెప్పిన పాఠమును చక్కగా చదివి, అడిగిన ప్రశ్నకు తీరుగా వ్రాసినవానికి 550 మార్కులు దాటుట దుర్లభము కాదు. కాని ఇంజనీరింగు ప్రవేశమునకు జరుగు జె.ఇ.ఇ. మెయిన్ పరీక్ష తీరు వేరు. అందు గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము కలిసి 75 ప్రశ్నలు. కాలము 3 గంటలు. అనగా సగటున ఒక్కొక్క ప్రశ్నకు రెండున్నర నిమిషములైనను లేవు. ఒప్పునకు 4 మార్కులు వచ్చును; తప్పునకు 1 మార్కు పోవును. ప్రశ్న పుస్తకములో నున్నట్లుండదు. రెండు మూడు పాఠములలోని సంగతులను కలిపి ఆలోచించినగాని తెగదు.

ఈ పరీక్షలో మొదటి 2,50,000 మందిని మాత్రమే అడ్వాన్స్‌డ్ అను రెండవ పరీక్షకు అనుమతింతురు. అది ఒకే దినమున మూడేసి గంటల రెండు భాగములుగా జరుగును. దేశమందలి 23 ఐ.ఐ.టి.లలో 2025లో ఉన్న స్థానములు సుమారు 18,000 మాత్రమే. వైద్యవిద్యకు జరుగు నీట్ పరీక్షలో 180 ప్రశ్నలు. అచ్చటను తప్పునకు కోత కలదు. మెయిన్ పరీక్షను 2021నుండి తెలుగులో వ్రాయవచ్చును. నీట్ పరీక్షను సైతము తెలుగులో వ్రాయవచ్చును. అడ్వాన్స్‌డ్ పరీక్ష మాత్రము ఇంగ్లీషు హిందీ భాషలలోనే యుండును. ప్రవేశము లభించిన పిదప బోధన చాలవరకు ఇంగ్లీషుననే.

ఇట్లు రెండు పరీక్షలును రెండు వేరు శక్తులను కొలుచుచున్నవి. మొదటిది నేర్చినదానిని చెప్పు శక్తిని. రెండవది నేర్చినదానితో ఎన్నడును చూడని చిక్కును విప్పు శక్తిని. మొదటిదానిలో మొదటివాడు రెండవదానిలో వెనుకబడినచో, వానికి తెలివి తక్కువ యనుకొనుట పొరపాటు.

లోపము నాలుగు చోట్ల

1. అభ్యాసము. కఠినమైన కొత్త లెక్కలను స్వయముగా, కాలము చూచుకొనుచు చేయు అలవాటు మన పాఠశాలలో కలుగుట లేదు. పట్టణ ప్రైవేటు పాఠశాలలు పెక్కింటిలో "ఫౌండేషన్" అను పేర ఆరవ, ఎనిమిదవ తరగతులనుండియే ఈ అభ్యాసము ప్రారంభింతురు. మన బిడ్డ ఇంటర్మీడియెటులో చేరినపిమ్మట మొదటి లెక్క చూచును. పరుగుపందెమున మూడేండ్లు ఆలస్యముగా బయలుదేరినట్లున్నది.

2. భాష. తెలుగున చదివి చక్కగా గ్రహించిన సంగతినే ఇంగ్లీషున చదివినపుడు గుర్తింపలేక బిడ్డ తికమకపడును. ఇంగ్లీషు మాధ్యమమని పేరు పెట్టినచోట్ల సైతము వాక్యము చదివి అర్థము చేసికొను శక్తి తానుగా రాదు. ప్రతిదినము కొన్ని పుటలు చదివినగాని అబ్బదు.

3. సంధికాలము. మన ఉన్నత పాఠశాల పదవ తరగతితో ముగియును. ఇంటర్మీడియెటు రెండేండ్లు వేరొక కళాశాలలో, వేరొక ఊరిలో, వేరు ఉపాధ్యాయుల యొద్ద గడచును. పోటీపరీక్షకు ఆధారము ఈ రెండేండ్ల చదువే. నారు పెరికి నాటు వేసిన మొదటి వారమున నీరు తప్పినచో ఎంత మంచి నారైనను వాడును. బిడ్డకును ఆ సమయముననే తోడు కరవగుచున్నది. పాఠశాలవారు "మా పని అయినది" అందురు. కళాశాలవారికి ఆ బిడ్డ ఇంకను తెలియదు.

4. వార్త. ఏ దరఖాస్తు ఏ మాసమున పెట్టవలెనో, ఏ పత్రములు జతపరుపవలెనో చెప్పువారు లేక పోయిన అవకాశములు పెక్కు. అడ్వాన్స్‌డ్ పరీక్ష వరుసగా రెండు సంవత్సరములలో రెండు పర్యాయములే వ్రాయవచ్చునను సంగతియైనను మన ఊళ్లలో ఎంతమంది కెరుక? పట్టణములో ఇది పొరుగింటివారు చెప్పుదురు. పల్లెలో చెప్పువారుండరు.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటియు బిడ్డ బుద్ధిలోని లోపము కాదని గమనింపుడు. ఉపాధ్యాయుని అశ్రద్ధయని చెప్పుటకును వీలులేదు. ఏర్పాటులోని లోపము. ఏర్పాటులోని లోపమును ఏర్పాటుతోనే తీర్పవలెను.

ఒక పరదేశపు అనుభవము

ఈ చిక్కు మనకే పరిమితము కాదు. అమెరికా దేశమున దక్షిణభాగమున టెక్సాసు అను రాష్ట్రము కలదు. అచ్చటను ప్రత్తి పండించు రైతులు పెక్కురు; అచ్చటను పల్లె పాఠశాలకును, సంపన్నుల పాఠశాలకును అంతరము గొప్పది. 1997లో ఆ రాష్ట్రము ఒక చట్టము చేసెను. ఏ ఉన్నత పాఠశాలనుండియైనను తన తరగతిలో మొదటి పదవ వంతులో నిలిచిన విద్యార్థికి రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ప్రవేశము తప్పక యీయవలెనని దాని సారాంశము. పిమ్మట ఆస్టిను నగరమందలి విశ్వవిద్యాలయము విషయమున, వచ్చువారు మితిమీరినందున, ఆ పదవ వంతు క్రమముగా తగ్గింపబడినది. చట్టము మాత్రము నిలిచినది.

ప్రవేశము లభించెను గాని, లోపలికి వచ్చిన పల్లె బిడ్డల గతి యేమి? ఆస్టినులో ఒక రసాయనశాస్త్రాచార్యుడు 1999లో తన 500 మంది తరగతిలో తప్పుచున్నవా రెవరో పరిశీలించెను. వారిలో పెక్కురు పేద కుటుంబములనుండి, చిన్న పాఠశాలలనుండి, ప్రవేశపరీక్షలో తక్కువ మార్కులతో వచ్చినవారు. వీరికి సులభమైన పాఠము చెప్పుదమని ఆయన తలపలేదు. అట్టివారిలో దాదాపు 50 మందిని వేరొక చిన్న తరగతిగా కూర్చి, అదే పాఠమును, అదే కాఠిన్యముతో బోధించి, అదే పరీక్ష పెట్టెను. అదనముగా చేసినది దగ్గరనుండి కనుగొనుట, సలహాదారుల నిచ్చుట, "మీరు ఇచ్చటికి తగినవారే" యని తెలుపుట. వారు పెద్ద తరగతివారితో సమానముగా మార్కులు పొందిరి.

దీనివలన మనము నేర్వదగిన దేమి? పాఠశాల సంపూర్ణముగా సిద్ధము చేయలేదు, నిజమే. అయినను ఆ కొరత తీరరానిది కాదు. తగిన సమయమున కొద్దిపాటి తోడు దొరికినచో వెనుకబడిన బిడ్డ అదే పంక్తిలో నిలువగలడు. పాఠము తేలిక చేయుట అట్టి సాయము కాదు.

మన దేశమున జరిగిన యత్నములు

మనవారును ఊరకుండలేదు. 1971లో నాటి నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున ప్రభుత్వ గురుకుల పాఠశాల ప్రారంభమాయెను. చురుకైన పల్లె బిడ్డలను ఏరి, ఒకచోట నుంచి, అన్నము పెట్టి చదువు చెప్పు పద్ధతికి అది దారి చూపెను. 1985–86లో కేంద్రప్రభుత్వము నవోదయ విద్యాలయములను ప్రారంభించెను. ఐదవ తరగతి చదువు బిడ్డలకు పరీక్ష పెట్టి ఆరవ తరగతిలో చేర్చుకొందురు. కనీసము 75 శాతము స్థానములు గ్రామీణ బిడ్డలకే.

2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము నూజివీడు, ఇడుపులపాయ, బాసర అను మూడు చోట్ల ఏర్పడెను. జనులు దీనిని "ట్రిపుల్ ఐ.టి." యందురు. ఇందు రెండు విశేషములు గమనింపదగినవి. మొదటిది: వేరు ప్రవేశపరీక్ష లేకుండ, పదవ తరగతిలో వచ్చిన ఫలితమునుబట్టి, సర్కారు బడి పిల్లలకు కొంత అదనపు విలువ కలిపి చేర్చుకొనుట. రెండవది: ఆరేండ్ల చదువులో మొదటి రెండేండ్లను ఇంటర్మీడియెటుకు బదులుగా తన ప్రాంగణముననే నడపుట. అనగా మనము పైన చెప్పిన సంధికాలపు భారమును ఉన్నత విద్యాలయమే తనపై వేసికొన్నది. ఆచరణలో కొరతలు లేకపోలేదు; 2022లో బాసర విద్యార్థులు వసతులకై దినముల తరబడి నిరసన తెలిపిరి. అయినను పద్ధతి యోచనలో దోషము లేదు.

తమిళనాడు వేరొక మార్గము త్రొక్కెను. నీట్ వచ్చిన పిదప అచ్చటి సర్కారు బడి పిల్లలు వైద్యకళాశాలలలో వ్రేళ్లపై లెక్కింపదగినంత మందియే చేరగలిగిరి. 2020లో ఆ రాష్ట్రము, ఆరవ తరగతినుండి పన్నెండవ తరగతి వరకు సర్కారు బడిలో చదివి నీట్‌లో అర్హత పొందినవారికి 7.5 శాతము వైద్యవిద్యా స్థానములు ప్రత్యేకించెను. మొదటి సంవత్సరముననే మూడువందలకు పైగా బిడ్డలు వైద్యకళాశాలలలో చేరిరి.

కార్పొరేటు కళాశాల మాటేమి?

"ఇన్ని మాట లేల? పట్టణ కళాశాలలో చేర్చినచో సరిపోవును గదా" యని కొందరందురు. ఆ కళాశాలలు అభ్యాసము చేయించుట నిజము. పెద్ద ర్యాంకులు వచ్చుటయు నిజము. కాని పత్రికలలో ఫొటోలు వేయించుకొనువారు కొందరు. అచ్చట రుసుము చెల్లించినవారు వేలు. మిగిలినవారి లెక్క ఎవరును ప్రకటింపరు. విత్తనము కొనునపుడు బస్తామీది బొమ్మ చూచి కొనము. నూటికెన్ని మొలచునని అడుగుదుము. కళాశాలనును అట్లే అడుగవలెను: "మీ యొద్ద ఎంతమంది చేరిరి? వారిలో ఎంతమందికి స్థానము దొరికెను? మా బిడ్డ వంటి పల్లె బిడ్డలు ఏ తరగతిలో నుందురు?"

నిద్రయు ఆటయు లేక, తోటివారితో పోల్చబడుచు, వసతిగృహములలో కొందరు బిడ్డలు ప్రాణములే తీసికొనుట మనము చదువుచున్నాము. తండ్రి భూమి తాకట్టు పడినదని తెలిసిన బిడ్డ మనస్సుమీద ఎంత బరువుండునో యోచింపుడు.

సభ్యులు చేయదగిన పనులు

1. ఐదవ తరగతి బిడ్డలకు నవోదయ పరీక్ష వ్రాయింపుడు. దరఖాస్తునకు రుసుము లేదు. పరీక్ష తెలుగున వ్రాయవచ్చును.

2. ఎనిమిదవ తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. అను జాతీయ ఉపకార వేతన పరీక్ష కలదు. సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో చదువుచు, కుటుంబపు సాలు ఆదాయము 3,50,000 రూపాయలు మించనివారు వ్రాయవచ్చును. ఎన్నికైనవారికి తొమ్మిదినుండి పన్నెండవ తరగతి వరకు సంవత్సరమునకు 12,000 రూపాయలు లభించును. ధనముకంటె, ఈ పరీక్షకై చేయు అభ్యాసమే బిడ్డకు మేలు. చూడని ప్రశ్నను ఎదుర్కొను అలవాటు అచ్చట మొదలగును.

3. సంఘ భవనము సాయంకాలమున ఖాళీగానే యుండును. వారమునకు మూడు దినములు, రెండేసి గంటలు, ఎనిమిదినుండి పన్నెండవ తరగతి వరకు ఆసక్తిగల పిల్లలను కూర్చుండబెట్టుడు. ఉద్యోగవిరమణ పొందిన ఉపాధ్యాయుడో, ఇంజనీరింగు చదివి ఇంటికి వచ్చిన యువకుడో ఒకరు చాలును. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకములును, పాత ప్రశ్నపత్రములును ఫోనులో ఉచితముగా దొరకును. అచ్చు వేయించి యీయుడు. ఒక గంట లెక్కలు; అరగంట ఇంగ్లీషు పఠనము; అరగంట తప్పులు దిద్దుట. పిల్లలు ఒకరి కొకరు చెప్పుకొనుటయే యిందు ముఖ్యము.

4. పదవ తరగతి ముగిసిన వేసవిని వ్యర్థము కానీయకుడు. ఆ రెండు మాసములలో ఇంటర్మీడియెటు మొదటి పాఠములును, ఇంగ్లీషు పారిభాషిక పదములును పరిచయము చేసినచో నాటు వేళ నీరు పెట్టినట్లగును.

5. పత్రములు భద్రపరుపుడు. ఒకటవ తరగతినుండి చదువు ధ్రువపత్రములు, కుల ఆదాయ పత్రములు, పట్టాదారు పాసుపుస్తకము ఒకచోట నుంచుడు. వ్యవసాయ విశ్వవిద్యాలయముల డిగ్రీ ప్రవేశములలో రైతుబిడ్డలకు కొన్ని స్థానములు ప్రత్యేకింపబడియున్నవి. గ్రామమున చదివినట్లును, కుటుంబమునకు భూమి యున్నట్లును నిదర్శనము చూపవలెను. ఇంజనీరింగు వైద్యములే చదువులు కావని యిందువలన గుర్తుంచుకొనుడు.

6. సంఘపు లాభములో కొంత విద్యకు వినియోగించుట కొత్త మాట కాదు. 1912 నాటి సహకార చట్టమే, నికరలాభములో నాల్గవ వంతు రిజర్వునిధికి చేర్చినపిమ్మట, మిగిలినదానిలో నూటికి పది మించకుండ రిజిస్ట్రారు అనుమతితో ధర్మకార్యముల కీయవచ్చునని చెప్పినది. విద్యయు ఆ ధర్మకార్యములలో నొకటి. ఇప్పటి మీ చట్టమును, మీ సంఘపు ఉపవిధులను చూచి, శాఖాధికారి నడిగి, మహాజనసభలో తీర్మానింపుడు. పది కుటుంబములు విడివిడిగా తాకట్టు పెట్టుటకంటె, ఒక దీపము, ఒక నల్లబల్ల, ఒక ఉపాధ్యాయుని గౌరవవేతనము సంఘమే భరించుట చౌక.

7. పంట ఋణమును మాత్రము చదువు రుసుమునకు మరలింపకుడు. విత్తు లేక పొలమును, సొమ్ము లేక చదువును రెండును చెడును. అప్పు తప్పనిచో, ప్రవేశము దొరికినపిమ్మట బ్యాంకులు విద్యకై యిచ్చు ఋణమును విచారింపుడు. శిక్షణకై భూమి తాకట్టు పెట్టకుడు.

ముగింపు

కాబట్టి మన ప్రశ్నకు సమాధాన మిది. సర్కారు ఉన్నత పాఠశాల బిడ్డకు పునాది వేయుచున్నది. పోటీ కళాశాలకు కావలసిన చివరి సిద్ధత దానివలన మాత్రమే కలుగుట లేదు. ఆ కొరతలో కొంత ప్రభుత్వము తీర్పవలసినది. ప్రతి మండలమునను మంచి జూనియరు కళాశాల కావలెనని మనము అడుగుట న్యాయము. కొంత ఉన్నత విద్యాలయములు తీర్పవలసినది. చేర్చుకొన్న బిడ్డను చేయి పట్టి నడిపించుట వాని విధి. మిగిలినది మన యూరిలో, మన చేతనైనది.

విత్తు మంచిదే, నేలయు చెడ్డది కాదు. నాటు వేళ నీరు పెట్టు మనిషి కావలెను. ఈ సంవత్సరము పదవ తరగతి ఫలితములు వచ్చునాటికి మీ గ్రామమున ఆ బిడ్డ పేరు తెలిసికొని, ఆ తండ్రి పొలము వైపు చూడకముందే, సంఘమునుండి ఒకరు వారి యింటికి పోవుడు.